పన్ను తగవు నెవరు తీర్చవలయును?

ఇంటిపన్ను కాగితము గాని, అంగడిపన్ను తాఖీదు గాని వచ్చినదనగానే దానిని మగవారి చేతికిచ్చి మనపని తీరినదనుకొనుట మన యిండ్లలో ఆచారమైపోయినది. ఇల్లు మన పేర నుండవచ్చును. అంగడి మన పేర నుండవచ్చును. పుట్టినింటివారిచ్చిన సొమ్ముతో గొన్న రెండుగదుల పెంకుటింటికి యజమానురాలము మనమే కావచ్చును. అయినను ఆ కాగితము మనది కాదనియే తలచుచుందుము. సోదరీమణులారా! ఈ మాసమున మీతో ఆ కాగితమును గూర్చియే ముచ్చటింపదలచితిమి. అందు వ్రాసిన మొత్తము న్యాయమా, అన్యాయమా యనునది వేఱు ప్రశ్న. అది అన్యాయమని మనకు దోచినప్పుడు ఎవరియెదుట జెప్పుకొనవలయును? విని తీర్పు చెప్పుట కెవరికి అర్హత కలదు? ఇది న్యాయవాదుల పుస్తకములకు మాత్రమే చెందిన ప్రశ్న యనుకొనరాదు. ఈ ప్రశ్నకు సమాధానము దొరకక మన విజయనగర ప్రాంతమున రక్తము చిందినది. మన పొరుగున నున్న రైతులు ఈ ప్రశ్నను సముద్రముల కావలినున్న న్యాయసభ వఱకును గొనిపోయిరి.

మన పెద్దలు వ్యవహారధర్మమును మిక్కిలి లోతుగా విచారించిరి. యాజ్ఞవల్క్యస్మృతి వివాదములను వినదగిన సభలను నాలుగింటిని చెప్పినది. కులమన బంధువర్గము. శ్రేణి యన ఒకే వృత్తిచే జీవించువారి కూటము. పూగమన ఒక యూర వసించు పలుజాతుల, పలువృత్తుల వారి సమూహము. వీనికి పైనుండునది రాజు నియమించిన సభ. క్రిందిసభలో నోడినవాడు తనకు న్యాయము జరుగలేదని తలచినచో పైసభకు బోవచ్చునని విజ్ఞానేశ్వరుడు తన మితాక్షరలో వివరించెను. 13వ శతాబ్దమున కేతన ఆ గ్రంథమును తెనిగించి విజ్ఞానేశ్వరీయమని పేరిడెను. కావున ఒక తీర్పుపై మఱియొక తీర్పు కోరుట పాశ్చాత్యులు తెచ్చిన క్రొత్త యాచారమని యెవరైన ననినచో నమ్మవలదు.

అయితే ఈ నాలుగు సభలును ఇరువురు ప్రజలకు నడుమ పుట్టిన తగవునకు చక్కగా సరిపోవును. పొలముగట్టు వివాదము, అప్పు వివాదము, దాయభాగ వివాదము వచ్చినప్పుడు తీర్పరి మూడవవాడు. పన్ను తగవు అట్టిది కాదు. అందు ఒక ప్రక్క మనము, మఱియొక ప్రక్క ప్రభుత్వమే యుందుము. తీర్పు చెప్పవలసిన సభయు ఆ ప్రభుత్వము నియమించినదే. పిల్లులు రెండు రొట్టెకై పోరాడి కోతిని తీర్పుకోరిన కథ మన పిల్లలందఱును ఎఱిగినదే గదా. కోతికి తూచుట రాక కాదు, ఆ పిల్లులు మోసపోయినది. రొట్టె తుంచినకొలది తూచువాని కడుపు నిండుచుండుటయే అందలి మోసము. పన్ను తగవులోని చిక్కంతయు ఈ చిన్నకథలో నిమిడియున్నది.

తూచువాడే యెదిరిపక్షమైనప్పుడు ఏమి జరుగునో మన ప్రాంతపు చరిత్ర చెప్పగలదు. విజయనగర ప్రభువగు పూసపాటి విజయరామరాజునకును, ఈస్టిండియా కంపెనీవారికిని పేష్కషు విషయమై వివాదము పెరిగినది. బాకీ యింతయని నిర్ణయించినవారు కంపెనీవారే. అది చెల్లలేదని తేల్చినవారును వారే. సంస్థానమును స్వాధీనపఱచుకొని, రాజును మచిలీపట్టణమునకు బోవలసినదని యుత్తరువిచ్చినవారును వారే. లెక్కలు తప్పని చెప్పుకొనుటకు మూడవవాని సభ యొక్కటియైన లేదు. 1794 జులై 10వ తేదీన పద్మనాభము కడ యుద్ధము జరిగెను. రాజు ఆ రణమున నీల్గెను. రాజుగారి పౌరుషమును గూర్చి మన యిండ్లలో పెద్దలు చెప్పుకొనుట గలదు. కాని మేమా కథ విన్నప్పుడెల్ల మఱియొక మాట గూడ మనసునకు దోచును. వీరరక్తము చిందిన ఆ తగవు మొదట నొక లెక్కల తగవే. తర్వాత 1802లో శాశ్వతపు పైసలా జరిగి, విజయనగర సంస్థానపు పేష్కషు ఏటికి 5 లక్షల రూపాయలని స్థిరపడెను. లెక్క స్థిరపడుటకు ముందు మనుష్యులు చనిపోవలసివచ్చెను.

కంపెనీవారిలోను కొందఱు ఈ లోపమును గుర్తింపకపోలేదు. కారన్‌వాలిసు ప్రభువు 1793లో బంగాళమున రెవిన్యూ అధికారుల కచేరీలకు గల న్యాయవిచారణాధికారమును తీసివేసి దివానీ న్యాయస్థానముల కిచ్చెను. వసూలుచేయు చేయియే తీర్పుచెప్పు చేయి కారాదనుట ఆతని వాదము. తర్వాత చెన్నరాజధానిలోను జిల్లాకోర్టు లేర్పడెను. కాని పైదరిని మాత్రము తలుపులు మూసియేయుండెను. రెవిన్యూ విషయములలో కలకత్తా సుప్రీముకోర్టు చేయి చేసికొనరాదని 1781లోనే ఇంగ్లాండు పార్లమెంటు శాసించియుండెను. ఆ నిషేధము పేరు మార్చుకొనుచు 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వశాసనము వఱకును నిలిచియే యున్నది. హైకోర్టులు రెవిన్యూ విషయములను ఆద్యముగా విచారింపరాదని ఆ శాసనము గూడ చెప్పినది.

ఆ శాసనము నడచుచున్న కాలముననే మన సరిహద్దున నొక గొప్ప వ్యాజ్యము పుట్టెను. మహేంద్రతనయ యొడ్డున నున్న పర్లాకిమిడి పూర్వము మన వారికి పొరుగూరు గాదు, ఒకే మండలములోని యూరు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేఱు రాష్ట్రమైనప్పుడు పట్టణము ఆవలికి బోయెను. జమీనులో కొంత భాగము, పాతపట్నము ప్రక్క, ఈవలనే నిలిచెను. ఆ జమీనులోని గారబంధ మొదలగు గ్రామముల రైతులు చెల్లింపవలసిన శిస్తును నిర్ణయింపుమని జమీందారు కోరగా, 1908వ సంవత్సరపు మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టము ననుసరించి రెవిన్యూ అధికారులు విచారించిరి. అది తుదకు చెన్నపట్టణమున నున్న రెవిన్యూ బోర్డునకు బోయెను. బోర్డు శిస్తును పెంచెను.

సోదరీమణులారా, శిస్తు పెరుగుట యననేమో పొలముగల యింటి యిల్లాలికి వేఱుగ చెప్పనక్కఱలేదు. వెనుకటి శిస్తు చెల్లించిన తర్వాత గాదెలో మిగులునది తిండిగింజలు. పెరిగిన శిస్తు చెల్లించిన తర్వాత చేయి విత్తనపు వడ్లమీదకు బోవును. అటుపిమ్మట చెవులకమ్మలమీదకు బోవును. గారబంధ రైతులు ఊరకుండలేదు. బోర్డు తన యధికారమును మీఱినదని వాదించుచు, ఆ తీర్పును రద్దుచేయుమని మద్రాసు హైకోర్టును వేడిరి. అక్కడ గెలువక లండనులోని ప్రీవీకౌన్సిలునకు బోయిరి. పల్లెటూరి రైతులు కలసి అంతదూరము వ్యాజ్యము నడుపుట సామాన్యమైన సాహసము గాదు.

1943లో ప్రీవీకౌన్సిలు చెప్పిన తీర్పేమి? రెవిన్యూ బోర్డు చేసినది తప్పా, ఒప్పా యను ప్రశ్న వలన రైతులు నష్టపడలేదు. వారికి వాకిలియే తెఱువబడలేదు. మద్రాసు హైకోర్టునకు అట్టి యాజ్ఞాపత్రములనిచ్చు అధికారము పూర్వపు మద్రాసు సుప్రీముకోర్టునుండి సంక్రమించినది. ఆ యధికారము ముఖ్యముగా చెన్నపట్టణపు పొలిమేరలకు లోబడినది. పట్టణము వెలుపల అది కొన్ని తరగతుల వారికి మాత్రమే వర్తించును. రైతులు ఆ తరగతులలోనివారు గారు. జమీను రాజధానికి ఉత్తరపు కొనయందున్నది. బోర్డు కచేరీ చెన్నపట్టణమున నున్నంతమాత్రమున హైకోర్టునకు అధికారము రాదు. ఇది వారి తీర్పుసారము. తీర్పుచెప్పిన పెద్దలు చట్టమును చదివినట్లే చెప్పిరని యొప్పుకొందము. కాని చూడుడు: బోర్డు తీర్పు చెన్నపట్టణమునుండి బయలుదేఱి మహేంద్రతనయ యొడ్డున నున్న గాదెలోనికి వచ్చుటకు దూర మడ్డురాలేదు. ఆ గాదెలోని మొఱ చెన్నపట్టణమునకు బోవుటకు మాత్రము దూర మడ్డువచ్చెను. పన్ను తగవు నెవరు వినవలయునను ప్రశ్న ఎంత బరువైనదో తెలిసికొనుటకు ఇంతకన్న మంచి నిదర్శనము మాకు గనబడలేదు.

దానికి మూడేండ్లు ముందు, 1940లో, అదే ప్రీవీకౌన్సిలు మఱియొక దక్షిణదేశపు వ్యాజ్యములో కొంత యూరటగల మాటయు చెప్పియుండెను. అది మాస్కు కంపెనీవారి వక్కల వ్యాజ్యము. దిగుమతియైన వక్కలు సుంకపు పట్టికలో ఏ తరగతికి జెందునని వివాదము వచ్చెను. మన తాంబూలపు పళ్లెములో నుండు వక్కయే. సుంకపుచట్టములోనే అప్పీలు మార్గము గలదు గావున సివిలుకోర్టు దానిని వినరాదని వారు తీర్మానించిరి. కాని అంతతో నాపలేదు. సివిలుకోర్టుల యధికారము తొలగినదని తేలికగా ఊహింపరాదనియు, తొలగినప్పుడైనను, అధికారులు చట్టములోని నిబంధనలను పాటింపకున్నను, న్యాయవిచారణకు మూలమగు సూత్రములను ఉల్లంఘించినను కోర్టులు చూడవచ్చుననియు చెప్పిరి. లెక్క తప్పినదా యనునది సుంకమువారిలో పెద్దలు చూడవలయును. హద్దు దాటినదా యనునది న్యాయస్థానము చూడవలయును. ఈ భేదము మన విచారమున కంతటికిని కీలకము. దీనిని కొంగున ముడివైచికొనుడని కోరుచున్నాము.

1950 జనవరి 26వ తేదీన మన రాజ్యాంగము అమలునకు వచ్చినప్పుడు గారబంధ రైతులకు మూసిన వాకిలి తెఱువబడెను. 226వ అధికరణము ప్రతి హైకోర్టునకును తన రాష్ట్రమంతటను, ఏ యూరివాడైనను, ఏ ప్రభుత్వాధికారి పైనైనను మొఱవెట్టుకొనగా వినునట్టి యధికారమిచ్చెను. 225వ అధికరణము రెవిన్యూ విషయములమీది పాతనిషేధమును తొలగించెను. చట్టముయొక్క ఆధారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలుచేయరాదు అని 265వ అధికరణము శాసించెను. ఆ యేడాదియే ఆగస్టు 15వ తేదీన శ్రీకాకుళము జిల్లా యేర్పడుట మనకు సంతోషకరమైన కలయిక. తర్వాత హైకోర్టే మనకు దగ్గఱకు నడచివచ్చుచున్నట్లుండెను. మద్రాసునుండి 1954లో గుంటూరునకు, 1956లో హైదరాబాదునకు, 2019లో అమరావతికి మాఱెను.

ఇంతవఱకు చదివిన సోదరి యొకతె, అట్లయిన ప్రతి పన్ను తగవును నేరుగా హైకోర్టే వినరాదా యని యడుగవచ్చును. ఈ ప్రశ్నకు మేము తొందరపడి అవునని చెప్పజాలము. మా యింటివారు బడిపంతులు. నెలకొకసారి మా యింటికి వచ్చు జీతము ప్రజలిచ్చిన పన్నులలోనిదే. బడిలో సుద్దముక్కయు, ఆసుపత్రిలో మందుచుక్కయు, నాగావళిపై వంతెనయు ఆ పన్నులవలననే గదా కలుగుచున్నవి. ప్రతి మదింపును హైకోర్టున నిలిపివేయుచో, పెద్ద వర్తకులు వకీళ్లను బెట్టి యేండ్లతరబడి పన్ను నాపుకొందురు. వకీలును బెట్టలేని చిన్నవారే సకాలమున చెల్లింతురు. అది న్యాయము గాదు. అంతియగాక పన్ను తగవులలో పెక్కులు లెక్కల తగవులు. ఏ సరకు ఏ తరగతిది, ఏ ఖర్చు వ్యాపారపు ఖర్చు, ఏ రసీదు నమ్మదగినది అని తేల్చుటకు ఆ విద్య తెలిసినవారు కావలయును. కంటిజబ్బునకు కంటివైద్యుని యొద్దకే బోవుదుము గదా.

ఇట్టి విద్య తెలిసిన సభ మన దేశమున క్రొత్తది గాదు. ఆదాయపుపన్ను అప్పీలు ట్రైబ్యునలు 1941 జనవరిలో నేర్పడెను. అందు న్యాయము తెలిసిన సభ్యులును, లెక్కలు తెలిసిన సభ్యులును కలసి కూర్చుందురు. ఆదాయపుపన్ను వసూలుచేయునది ఆర్థికశాఖ. ఆ ట్రైబ్యునలు మాత్రము న్యాయశాఖ క్రింద నున్నది. రొట్టె తినువాని పంక్తిలో తూచువానిని కూర్చుండబెట్టరాదను వివేకము అందున్నది. విశాఖపట్టణమున దాని పీఠమొకటి కలదు. మన శ్రీకాకుళ, విజయనగరములవారు ఉదయపు బస్సున బోయి విన్నవించుకొని రాత్రికి ఇల్లు చేరవచ్చును.

అన్ని పన్నులకు ఈ యదృష్టము పట్టలేదు. ఒక యుదాహరణము చెప్పుదుము. పలాసలో జీడిపప్పు వ్యాపారము తన పేర నడుపుకొను సోదరి యొకతె యున్నదనుకొందము. వస్తుసేవల పన్ను అధికారి ఆమె లెక్కలు తప్పని 2 లక్షల రూపాయల పన్ను అదనముగా విధించెననుకొందము. ఆమె అది యంతయు తప్పని తలచినచో 3 మాసములలో మొదటి అప్పీలు చేసికొనవలయును. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో ఇంకొక మాసము మాత్రమే మన్నింతురు. వివాదములోనున్న పన్నులో నూటికి 10 వంతున, అనగా 20 వేల రూపాయలు ముందుగా కట్టవలయును. అట్లు కట్టినచో తీర్పు వచ్చువఱకు తక్కిన మొత్తమునకై ఆమెను పీడింపరాదు. ఇది మేలే. అయితే ఆ మొదటి యప్పీలు వినువాడు ఎవడు? అదే శాఖలోని పై యధికారి. అత్తగారు వడ్డించిన తీరు బాగులేదని పెద్దత్తగారితో జెప్పుకొన్నట్లుండును. పెద్దత్తగారు మంచివారైన న్యాయము జరుగును. కాని మంచితనముపై ఆధారపడిన న్యాయము ఏర్పాటు అనిపించుకొనదు.

దానికి పైన ట్రైబ్యునలు నేర్పఱుతుమని చట్టము చెప్పినది. ఆ పన్ను 2017 జులై 1వ తేదీన అమలునకు వచ్చెను. ట్రైబ్యునలు మాత్రము 2025 సెప్టెంబరు 24వ తేదీ వఱకు ప్రారంభము కాలేదు. వాకిలియున్నదని గోడపై వ్రాసి, గోడ మాత్రమే కట్టినట్లయ్యెను. ఆ యెనిమిదేండ్లును శాఖలోని పై యధికారి కాదన్నవారికి హైకోర్టు దక్క వేఱు దారి లేకపోయెను. జాప్యమునకు కారణములలో నొకటి తెలిసికొనదగినది. మొదటి చట్టము ప్రకారము ప్రతి పీఠముపైన న్యాయసభ్యుడొకడు, శాఖలనుండి వచ్చు సాంకేతికసభ్యు లిద్దఱు నుండవలసియుండెను. న్యాయము తెలిసినవాని మాటకన్న పన్నుశాఖలవారి సంఖ్య యెక్కువ యగుట చెల్లదని 2019 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఆ యేర్పాటును కొట్టివేసెను. 2023లో చట్టమును సవరించి, న్యాయసభ్యు లిద్దఱును, సాంకేతికసభ్యు లిద్దఱును ఉండవలయునని నిర్ణయించిరి. మన రాష్ట్రపు పీఠమునకు విజయవాడ, విశాఖపట్టణములను స్థానములుగా ప్రకటించిరి. పైన జెప్పిన పలాస సోదరి ఇప్పుడు మఱియొక 20 వేలు కట్టి అక్కడికి బోవచ్చును. అక్కడి తీర్పులో చట్టమునకు సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న యున్నచో 180 దినములలో హైకోర్టునకు బోవచ్చును.

ఇక్కడ గడువును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. ఆలస్యము అమృతమునైన విషము చేయునని పెద్దలనుట పన్ను విషయమున అక్షరాల నిజము. మన రాష్ట్రపు వ్యాజ్యమునే చూడుడు. 2005వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ వ్యాట్ చట్టము ప్రకారము అప్పీలునకు 30 దినముల గడువు, మన్నింపునకు మఱి 30 దినములు. గ్లాక్సో కంపెనీవారిపై కాకినాడలోని అధికారి చేసిన మదింపుపై అప్పీలు ఆ రెండు గడువులును దాటినపిమ్మట దాఖలయ్యెను. అది త్రోసివేయబడగా వారు హైకోర్టున రిట్టు వేసి గెలిచిరి. ప్రభుత్వము సుప్రీముకోర్టునకు బోయెను. 2020 మే 6వ తేదీన సుప్రీముకోర్టు హైకోర్టు తీర్పును రద్దుచేసినది. చట్టమే యొక దారి చూపి దానికి కడపటి గడువు పెట్టియుండగా, ఆ గడువు పోగొట్టుకొని పెరటివాకిలినుండి రారాదనుట దాని భావము. అంత పెద్ద కంపెనీకే చెల్లని యాలస్యము మనకు చెల్లునా?

అట్లని హైకోర్టు వాకిలి కేవలము అలంకారమునకు గాదు. అధికారములేనివాడు పన్ను వేసినను, మన మాట వినకయే తీర్పు వ్రాసినను, చట్టమే రాజ్యాంగమునకు విరుద్ధమైనను, దిగువ మెట్లెక్కకయే హైకోర్టునకు బోవచ్చునని మన న్యాయస్థానములు పలుమాఱు చెప్పినవి. ఈ వాకిలిని మూయవలెనను యత్నములు లేకపోలేదు. 1976లో రాజ్యాంగమును సవరించి, ట్రైబ్యునళ్ల నేర్పఱచి, వాని పరిధిలోని విషయములలో హైకోర్టుల యధికారమును తొలగింపవచ్చునని వ్రాసిరి. పన్నుల ట్రైబ్యునళ్లును అందు జేరినవి. ఆ సవరణలో ఉద్యోగుల ట్రైబ్యునళ్లకు సంబంధించిన తొలగింపు చెల్లదని 1993లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్ణపీఠము తీర్పుచెప్పెను. 1997లో సుప్రీముకోర్టునందు ఏడుగురు న్యాయమూర్తులు దాని నంగీకరించి, పన్నుల ట్రైబ్యునళ్లకును అదే సూత్రము వర్తించునని చెప్పిరి. హైకోర్టుల యీ యధికారము రాజ్యాంగముయొక్క మూలకట్టడములోని స్తంభమని వారనిరి. మఱల 2005లో పన్ను విషయములలోని చట్టప్రశ్నలను హైకోర్టులనుండి తప్పించి జాతీయ పన్నుల ట్రైబ్యునలున కిచ్చు చట్టమొకటి వచ్చెను. ప్రతి వ్యాజ్యములోను కక్షిదారుగా నుండు ప్రభుత్వమే సభ్యుల నియామకములోను, పీఠముల స్థాననిర్ణయములోను పాల్గొనుట తగదని 2014 సెప్టెంబరు 25వ తేదీన సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. కోతిచేతి త్రాసును తీసివేయుటయే యిది.

ఈ విచారమంతయు జేసి మాకు దోచిన నిర్ణయమిది. పన్ను తగవును వినవలసిన సభ యేది యను ప్రశ్నకు ఒకే పేరు సమాధానము గాదు. మొదట వినుసభ లెక్కలు తెలిసినదిగా నుండవలయును. అది మన జిల్లాకు దగ్గఱగా నుండవలయును. పలాసలోని చిన్నవర్తకురాలు బస్సుకూలి పెట్టుకొని పోగలిగినంత దగ్గఱగా నుండవలయును. ఆ సభలో కూర్చుండువారి జీతము, బదిలీ, పదవి పన్ను వసూలుచేయు శాఖ చేతిలో నుండరాదు. ఆ సభపైన, హద్దు దాటినదా లేదా యని చూచుటకు హైకోర్టు ఎల్లప్పుడు నుండవలయును. దగ్గఱితనము లేనిచో గారబంధ రైతుల గతి పట్టును. నిష్పక్షపాతము లేనిచో పిల్లుల గతి పట్టును. రెండును లేనిచో పద్మనాభపు గతి పట్టును. ఇపుడు మొదటి యప్పీలును శాఖలోని యధికారియే వినుట మాకు సరిగా దోపలేదు. ఆ మొదటి మెట్టుననే శాఖకు చెందని న్యాయజ్ఞు డొకడు అధికారితో కలసి కూర్చుండినచో, పై మెట్లెక్కవలసిన యవసరము చాలమందికి తప్పును. ప్రభుత్వమునకును పన్ను త్వరగా చేతికి వచ్చును. ట్రైబ్యునలు విశాఖపట్టణమున క్రమము తప్పక కూర్చుండవలయుననియు మన ప్రాంతపు ప్రజాప్రతినిధులను మన మడుగవలయును. స్త్రీలకు వోటు గలదు. వోటడుగ వచ్చినవారిని త్రాగునీటిని గూర్చి యడుగునట్లే దీనిని గూర్చియు నడుగవచ్చును.

ఇక ఇంటిలో మనము చేయదగిన పనులు కొన్ని గలవు. పన్ను కాగితము వచ్చినదినమే దానిపై వచ్చిన తేదీని మన చేతితో వ్రాసియుంచవలయును. గడువు సాధారణముగా ఆదినమునుండియే నడచును. కాగితమును క్యాలెండరు వెనుక దోపరాదు. పప్పుడబ్బాల క్రింద పఱువరాదు. దానిని విధించిన యధికారి యెవరు, ఏ చట్టము, అప్పీలు వినువా రెవరు, ఎన్నిదినములలోపల, ముందుగా కట్టవలసినదెంత అను నయిదు మాటలు అందు వెదకవలయును. కనబడనిచో ఆ కచేరీకి వ్రాతపూర్వకముగా అడిగి రసీదు పుచ్చుకొనవలయును. పూర్వపు రసీదులను సంవత్సరక్రమమున కుట్టి పెట్టెలో భద్రపఱచవలయును. ఇపుడు కొన్ని తాఖీదులు ఇంటికి రాక, మన పేర నున్న ఫోనుకో, కంప్యూటరులోని ఖాతాకో వచ్చుచున్నవి. మీ పేర వ్యాపారమున్నచో ఆ ఖాతా తాళము మీ చేతిలో నున్నదో లేదో నేడే విచారించుడు. బదులుచెప్పుట కవకాశమిచ్చినప్పుడు, నోటిమాటతో సరిపుచ్చక కాగితముపైన వ్రాసి యిచ్చుడు. అప్పీలులో పైవారు చదువునది కాగితమునే గాని మన కన్నీటిని గాదు.

పన్ను ఎగవేయుమని మేము చెప్పుటలేదు. న్యాయమైనదానిని గడువునకు ముందే కట్టుట గృహిణికి గౌరవము. అన్యాయమని దోచినదానిని గడువులోపల, తగిన సభలో, తగిన మాటలతో ప్రశ్నించుటయు అంతియే గౌరవము. గారబంధ రైతులకు లేని వాకిళ్లు మనకు గలవు. అవి మూతపడకుండ నుండవలెనన్న వానిని తట్టువారు ఉండవలయును.